కొత్త తాడు, పాత మోకు

నా ఆటోలో వెనుక సీటు తీసేసి అమర్చుకున్న చెక్కపెట్టెను తెరిచి, ఇందులో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది ఏదో చెప్పమంటే, ఎవరి వేలైనా నేరుగా పెట్రోలు రంపం మీదికే పోతుంది. నిజానికి నేను మొదట కొన్న రంపం ఖరీదుకు రెండింతలు పెట్టి కొన్నది, దాని పక్కన గుడ్డసంచిలో చుట్టగా పడి ఉన్న తాడును. 45 మీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల మందం, లోపల పోగులు, వాటి మీద తొడుగులా బిగువైన అల్లిక గల తాడు అది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా ఇంట్లో జరిగిన చర్చ అంతా ఇక్కడ రాయడం మర్యాద కాదు గానీ, మా నాయన అన్న ఒక్క మాట మాత్రం రాయవచ్చు. "తాడుకు అంత దుడ్డా? ఆ దుడ్డుతో ఊర్లో ఆవులన్నిటికీ పలుపులు కొనొచ్చు గదరా!"

తిరుపతిలో నేను చేసే పనికి సరైన పేరు లేదు. కొందరు తమ ఫోనులో నన్ను "మాను కొట్టే ఆయన" అని రాసుకున్నారు, కొందరు "కొమ్మల మనిషి" అని రాసుకున్నారు. మా వీధి చివర ఉండే డాక్టరు గారు మాత్రం తనతో సమానంగా నన్ను కూడా సర్జన్ అనే పిలుస్తారు. అది నన్ను మునగచెట్టు ఎక్కించడానికేనని నాకు తెలుసు. ఈ సామెతను గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మునగ కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు కూడా చిన్న చప్పుడైనా ముందుగా వినిపించకుండా పుటుక్కున విరుగుతుంది కాబట్టి మా పనిలో ఉన్నవాడెవడూ మునగమాను ఎక్కడు. ఆ మాటను పుట్టించినవాడు తప్పకుండా మా వృత్తివాడే అయి ఉంటాడని నా నమ్మకం.

మాది దామలచెరువు దగ్గరి పల్లె. అక్కడ మామిడికాయల మార్కెట్టు నడిచే రెండు మూడు నెలలూ మా నాయన తోటల్లో కాయ కోసేవాడు, మిగిలిన కాలంలో కొబ్బరిచెట్లు ఎక్కేవాడు, ఎవరైనా పిలిస్తే ఇంటిమీద వాలిన కొమ్మలు కొట్టేవాడు. ఆయన సామాను మొత్తం ఒక గోనెసంచిలో పట్టేది. కొబ్బరి పీచుతో పేనిన మోకు, మచ్చుకత్తి, చిన్న గొడ్డలి, కాయ కోతకు దోటి, దాని కొసకు కట్టే చిక్కం, అంతే. కాళ్ళకు చెప్పులు కూడా ఉండేవి కావు. అయినా ఆయనను అజాగ్రత్త మనిషి అనుకుంటే పొరపాటు. పని ఉన్న రోజు తెల్లవారుజామున వసారాలో దీపం దగ్గర కూర్చొని మోకును మూరెడు మూరెడుగా చేతిలోకి తీసుకుంటూ, రెండు చేతులతో పురిని వెనక్కి తిప్పి, లోపలి పోగులు తేలేలా విప్పి చూసేవాడు. పైకి పచ్చగా కనబడే మోకు లోపల పొడి రాలుతుంటే దాన్ని పక్కన పెట్టేసేవాడు. చిన్నతనంలో నాకు అదొక పూజలా అనిపించేది. ఇప్పుడు రోజూ రాత్రి నేను చేసే పని కూడా అదే, కాకపోతే నా తాడుకు విప్పి చూసే వీలు లేదు, వేళ్ళ మధ్యనుంచి జారుస్తూ తడిమి తెలుసుకోవాలి.

నాయన దగ్గర నేర్చుకున్న ఆ జాగ్రత్తను మరిచిపోయినందువల్లే నాకు కొత్త తాడు కొనే అవసరం వచ్చింది. పట్నానికి వచ్చిన కొత్తలో, బావులకు, బట్టలు ఆరేయడానికి అమ్మే నీలం రంగు ప్లాస్టిక్ తాడు తేలికగా, చవకగా ఉందని దానితోనే కొమ్మలు దించేవాణ్ణి. ఒక కాలనీలో మిద్దె మీదికి వంగిన నిద్రగన్నేరు కొమ్మను కోయవలసి వచ్చింది. తాడును పైన రెండు కొమ్మల పంగలోంచి వేసి, ఒక కొసను కోయవలసిన కొమ్మకు కట్టి, రెండో కొసను కింద మా బావమరిది చేతికి ఇచ్చాను. కొమ్మ తెగింది, తాడు సర్రున పంగలో రాసుకుంటూ నాలుగైదు బారలు జారింది, బావమరిది బలంగా పట్టి ఆపబోయాడు, సరిగ్గా ఆ క్షణంలో తాడు తెగింది. కొమ్మ పోయి పిట్టగోడ మీద పడి, గోడతోపాటు నీళ్ళ ట్యాంకు గొట్టాన్ని విరగ్గొట్టుకొని కిందికి వచ్చింది. మా వాడు గజం దూరంలో నిలబడి ఉన్నాడు. ఆ గజం దూరం మా ఇద్దరి తెలివితేటల వల్ల ఏర్పడింది కాదు.

కిందికి దిగి తెగిన కొసను చేతిలోకి తీసుకొని చూస్తే, పోగులు చిట్లి ఊడినట్టు లేవు, మైనంలా కరిగి, చల్లారి, గాజుముక్కలా గట్టిపడి ఉన్నాయి. ఆ తాడు పాలీప్రొపిలీన్‌తో చేసినదని, అది సుమారు 160 డిగ్రీల వేడికే కరుగుతుందని, పాలియెస్టర్ అయితే 250 డిగ్రీలు దాటితే గానీ కరగదని నాకు తరువాత తెలిసింది. అంటే బరువుకు కాదు, రాపిడి వేడికి తెగింది. గోడ, గొట్టం బాగుచేయించడానికి నా పది రోజుల సంపాదన పోయింది. ఇంటాయన మంచివాడు, పెద్దగా అరవలేదు గానీ, మళ్ళీ ఎప్పుడూ పనికి పిలవలేదు.

ఆ తరువాతే బెంగుళూరుకు పోయి రెండు రోజులు తాడుమీద చెట్టు ఎక్కే పద్ధతి నేర్చుకున్నాను, నడుముకు, తొడలకు పట్టుకొని ఉండే హార్నెస్సు కొన్నాను, తలకు హెల్మెట్టు కొన్నాను, ఈ తాడు కొన్నాను. అక్కడ మొదటి పూట నేర్పిన ముడి ప్రుసిక్ ముడి. కార్ల్ ప్రుసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు 1931లో దాన్ని నలుగురికీ తెలియజెప్పాడు. పెద్ద తాడు చుట్టూ సన్నతాడుతో మూడు చుట్లు వేసి బిగిస్తారు. దాని మీద మన బరువు పడితే ముడి పెద్ద తాడును కరుచుకొని ఉంటుంది, బరువు తీస్తే చేత్తో పైకి జరుగుతుంది. ఇంటికి వచ్చి మా చింతచెట్టుకు తాడు వేసి నాయనకు గొప్పగా చూపించాను. ఆయన కాసేపు చూసి, "మోకు చేసేది గూడా ఇదే గదరా, వెనక్కి వాలితే మానును పట్టుకుంటుంది, ముందుకొస్తే వదుల్తుంది, జరుపుకుంటా పోతాం" అన్నాడు. నిజమే. మోకు కొబ్బరి బోదెను పట్టుకుంటుంది, ప్రుసిక్ ముడి తాడును పట్టుకుంటుంది, అంతకుమించి తేడా లేదు. రెండు రోజుల శిక్షణకు కట్టిన రుసుము గుర్తుకు వచ్చి నేను మారు మాట్లాడలేదు.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చెప్పడానికి చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో చేసిన చింతమాను పని మంచి ఉదాహరణ. రేకుల పశువుల కొట్టం మీదికి ఒక పెద్ద కొమ్మ పూర్తిగా వాలిపోయింది. మానును కొట్టేయవద్దు, ఆ కొమ్మ ఒక్కటే తీసేయమన్నారు. ఎండ ముదరక ముందే పైనుంచి దిగిపోవాలని ఉదయం ఆరు గంటలకే చేరుకున్నాం. మొదటి అరగంట పెట్టె తెరవలేదు. మాను మొదలు చుట్టూ తిరిగి, బోదె మీద, వేళ్ళ మీద పుట్టగొడుగులు గాని, చెక్కలా గట్టిగా అంటుకొని ఉండే బూజు పలకలు గాని ఉన్నాయేమో చూశాను. చెక్క సుత్తితో బోదెను కింది నుంచి పైకి తట్టుకుంటూ పోయాను. గట్టి చెక్క టక్కుమంటుంది, తొర్ర పడిన చోట డప్పులా మోగుతుంది. ఒకచోట డప్పు మోగింది గానీ అది కొమ్మకు అవతలి వైపు. ఇంటి పెద్దాయనకు ఓపిక నశించి, "ఏం సామీ, నాడి చూస్తాండావా?" అన్నారు. అవునన్నాను.

తరువాత సన్నదారానికి ఇసుకసంచి కట్టి పైకి విసరడం. ఇది చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది గాని, అనుకున్న పంగలో పడేవరకు ఒక్కొక్కప్పుడు పదిహేను సార్లు విసరవలసి వస్తుంది. ఆ రోజు తొమ్మిదోసారి పడింది. దారంతో తాడును పైకి లాగి, ఎక్కేముందు నేనూ బావమరిదీ ఇద్దరం కలిసి దానికి వేలాడి పంగ బలం చూసుకొన్నాం. ఒకరి బరువు మోయవలసిన పంగ ముందుగా ఇద్దరి బరువు మోసి చూపించాలన్నది మా నియమం. పైకి చేరాక ఎక్కిన తాడు కాక ఇంకొక పొట్టి తాడు కూడా నడుమునుంచి మానుకు కట్టుకొంటాను. రంపం చేతిలో ఉన్నప్పుడు రెండు కట్లు ఉండి తీరాలి, ఎందుకంటే ఒకటి పొరపాటున రంపానికి అందినా రెండోది మిగులుతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అని అందరూ నవ్వుకొనే మాట మాకు నవ్వు పుట్టించదు. పది అడుగుల దూరంలో ఆకుల గుబురులో ఏది ఏ కొమ్మకు చెందినదో కనబడనప్పుడు, నిన్ను మోస్తున్న కొమ్మనే నువ్వు కోయబోవడం మూర్ఖులకు మాత్రమే జరిగే పని కాదు.

కొమ్మను ఒక్కసారిగా కోయకుండా, కొసలనుంచి మొదలుపెట్టి ముక్కముక్కగా దించాలి. అడుగు మందం, మూడు అడుగుల పొడవు ఉన్న పచ్చి చింత ముక్క 70 కిలోలకు తక్కువ ఉండదు. అది గజం దూరం వదులుగా పడి ఆగిందంటే తాడు మీద పడే దెబ్బ దానికి ఎన్నో రెట్లు అవుతుంది. అందువల్ల పైన పంగలో తాడు నేరుగా రాసుకోకుండా కప్పీ కడతాను, కింద మా బావమరిది తాడును చేత్తో పట్టుకోడు, మాను బోదెకు మూడు చుట్లు చుట్టి కొసను మాత్రం పట్టుకొంటాడు. మనిషి బలం పెట్టే పనిని ఆ చుట్లు చేస్తాయి. ఒక్కొక్క చుట్టుకు పట్టు రెట్టింపుకు మించి పెరుగుతుంది కాబట్టి మూడు చుట్లు వేస్తే పిల్లవాడైనా మొద్దును ఆపగలడు. దానిలో నేర్పంతా ఆపడంలో లేదు, వదలడంలో ఉంది. కొమ్మ తెగిన క్షణంలో ఒక బార తాడును జారనిచ్చి, తరువాత మెల్లగా బిగిస్తే మానుకు కుదుపు ఉండదు. బిగించి పట్టుకుంటే ఆ కుదుపు పైనున్న నా వెన్నెముకకు వస్తుంది. ఈ సంగతి అతనికి నోటితో చెప్పి నేర్పలేకపోయాను. ఒక రోజు అతనిని పైకి ఎక్కించి, నేను కింద గట్టిగా పట్టుకొన్న తరువాత బాగా అర్థమైంది.

ఆ రోజు పదకొండు ముక్కలు దించాం, రేకులకు గీత పడలేదు. మొద్దులను కోయించుకొనేందుకు మధ్యాహ్నానికే ఒక మాంసం కొట్టు ఆయన వచ్చాడు. చింత చేవ గట్టిగా, మూసుకుపోయినట్టు ఉంటుంది కనుక కత్తి దెబ్బలకు పిప్పి రాలదు. మాంసం కొట్టే మొద్దుకు చింతను మించినది లేదని వాళ్ళకు తెలుసు.

రంపం సంగతి ఇంతవరకు రాలేదని చదివేవారికి అనిపించి ఉండవచ్చు. చప్పుడు ఎక్కువ కాబట్టి అందరికీ అదే పనిముట్టులా కనబడుతుంది గాని, పైన గడిపిన మూడు గంటల్లో అది తిరిగేది పదిహేను ఇరవై నిమిషాలు. చెట్టు మీద వాడేది పిడి పైన ఉండే చిన్న రంపం, నేల మీద మొద్దులు కోసేది చైను తిరిగే 18 అంగుళాల పట్టీ ఉన్న పెద్ద రంపం. రెంటికీ పెట్రోలు లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. పెట్రోలులో ఇథనాల్ 20 శాతం వరకు కలుస్తున్నప్పటినుంచి కలిపిన పెట్రోలును నిలవ ఉంచడం మానేశాను. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది కాబట్టి వానాకాలంలో నాలుగు వారాలు ట్యాంకులో వదిలేస్తే ఆ తరువాత రంపం స్టార్టరు తాడు లాగి లాగి భుజం నొప్పి పుట్టడమే తప్ప ఇంజను పలకదు. సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి, అది ఆగిపోయేవరకు నడిపి పెట్టెలో పెడతాను.

పదును పట్టడం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పావుగంట అదే. చైను పళ్ళకు సరిపోయే గుండ్రటి ఆకురాయి, నా రంపానికైతే 4.8 మిల్లీమీటర్లది, దాన్ని పంటి కింద 30 డిగ్రీల వాలులో ఆనించి, లోపలినుంచి బయటికి మాత్రమే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పైకి ఎత్తాలి. ప్రతి పంటికీ సమానంగా మూడు తోపులు, ఒకవైపు పళ్ళన్నీ అయ్యాక రంపాన్ని తిప్పి రెండోవైపు. ఒకవైపు పళ్ళు పొట్టిగా, రెండోవైపు పొడుగ్గా అయితే కోత నిటారుగా దిగక పక్కకు పోతుంది. పదును ఉందో లేదో పంటిని చూసి కాదు, పొట్టును చూసి చెప్పవచ్చు. పదునున్న చైను సన్నటి పలుకుల్లాంటి పొట్టును ఉమ్ముతుంది. అది గోధుమపిండిలా మెత్తగా వస్తే రంపం కోయడం లేదు, చెక్కను గీకుతున్నది. మొండి చైనుతో పనిచేసేవాడు రంపాన్ని బలంగా అదుముతాడు, అదిమినప్పుడే పట్టీ కొస దేనికో తగిలి రంపం మొహం మీదికి ఎగురుతుంది. అది ఎగరడం కంటికి కనబడే వేగం కాదు. చేతి ముందు ఉండే బ్రేకు పలక ఉన్నది అందుకే, దాన్ని వంచి తీగతో కట్టేసి పనిచేసేవాళ్ళను నేను ఎన్నోసార్లు చూశాను.

చైనుకు పెద్ద శత్రువు చెక్క కాదు, మేకు. బట్టల దండెం మేకులు, కరెంటు తీగలు పట్టిన కొక్కేలు, సినిమా పోస్టర్ల మేకులు, ఎప్పుడో పిల్లలు ఊయల కట్టిన సంకెల, వీటన్నిటినీ మాను తన బెరడులోకి మింగేసుకుంటుంది. ఒక ముసలి చింతలో ఒకే చోట అయిదు మేకులు తగిలాయి. బెరడు మీద గుర్తు కూడా లేదు. ఆ పూట రెండు చైనులు పోయాయి. ఆ మేకులు ఎందుకు కొట్టారని ఇంటి అవ్వను అడిగితే, ఆమె చెప్పకుండా లోపలికి వెళ్ళి ఊదుకడ్డీలు తెచ్చి మాను మొదట్లో గుచ్చింది. నేను మళ్ళీ అడగలేదు.

ఇంత సామాను మోసుకొని వెళ్ళి చివరకు చేసే పని ఒక గీత దగ్గరికి వచ్చి ఆగుతుంది. కొమ్మ మానునుంచి పుట్టే చోట ఉంగరం తొడిగినట్టు కొంచెం ఉబ్బి, బెరడు ముడతలు పడి ఉంటుంది. మేము దాన్ని కొమ్మ గొంతు అంటాం. కోత ఆ ఉబ్బుకు బయట, దానికి ఆనుకొని పడాలి. ఉబ్బును కలిపి మానుకు సమంగా చెక్కేస్తే చూడటానికి నున్నగా ఉంటుంది గాని, గాయాన్ని మూసే కణజాలమంతా ఆ ఉబ్బులోనే ఉంది కాబట్టి మాను ఏళ్ళ తరబడి తెరిచిన నోటితో నిలబడుతుంది. అలాగని జానెడు మోడు వదిలేస్తే అది చచ్చి, కుళ్ళి, ఆ కుళ్ళు లోపలికి దారి చేసుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతిని నిరూపించాడు. మనిషి చర్మంలా చెట్టు గాయాన్ని మాన్పుకోదని, చెడిన భాగం చుట్టూ గోడ కట్టి దాన్ని వేరు చేసేస్తుందని ఆయన చెప్పింది చదివాక, కోసిన ప్రతి చోటా తారు పూసే అలవాటు మానుకున్నాను. మామిడి తోటల్లో మాత్రం బోర్డో పేస్టు పూయడం మానలేదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. మన ప్రాంతపు తోటల్లో బంక తెగులు, కాండం తొలిచే పురుగు ఉన్నచోట తోటవాళ్ళ అనుభవాన్ని కాదనడానికి నేనెవరిని?

బరువైన కొమ్మను పైనుంచి ఒకే కోతగా కోస్తే, సగం తెగాక అది విరిగి తనతోపాటు మాను బెరడును కిందివరకు చీల్చుకొనిపోతుంది. అందువల్ల మూడు కోతలు. మొదటిది గొంతుకు అడుగు దూరంలో కింది వైపునుంచి కొద్దిగా, రెండోది దానికి ఇంకొంచెం బయటగా పైనుంచి పూర్తిగా, అప్పుడు బరువు పోతుంది, మిగిలిన పొట్టి ముక్కను గొంతు దగ్గర చేతిరంపంతో నిదానంగా మూడో కోత. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కరలేదు, అయినా తిరుపతి వీధుల్లో బెరడు చీలి ఎర్రగా కనబడే వేపమానులు ఎన్ని ఉన్నాయో ఒక సాయంత్రం నడిచి లెక్కపెట్టవచ్చు.

నాతో ఎక్కువమంది గొడవపడేది ఇక్కడే. "మొత్తం మోడు చేసెయ్ సామీ, అయిదేండ్లు మళ్ళా నీ మొగం చూడకుండా ఉండాల" అంటారు. మోడు చేసిన మాను చావు బతుకుల మధ్య ఉండి, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నిటినీ ఒకేసారి లేపి, గుత్తులు గుత్తులుగా రెమ్మలు వేస్తుంది. ఆ రెమ్మలు మాను చేవలోంచి పుట్టినవి కావు, పై పొరకు అతుక్కున్నవి. నాలుగేళ్ళకు అవి చేయంత లావై, మేనెల గాలివానకు ఊడి కారు మీద పడితే, మళ్ళీ ఫోను నాకే వస్తుంది. వ్యాపారం కోసమైతే నేను అందరి మానులనూ మోడు చేయాలి. పావు వంతుకు మించి పచ్చదనం ఒకేసారి తీయనని చెప్పి కొన్ని పనులు పోగొట్టుకున్నాను. మామిడికి ఈ మాట వర్తించదు. ముసలి తోటను మూడు నాలుగు మీటర్ల ఎత్తుకు కొట్టి కొత్త చిగుళ్ళు తెప్పించడం వేరే విద్య, అక్కడ వచ్చిన రెమ్మలను ఏరి కొన్నిటినే ఉంచుతూ తరువాతి రెండేళ్ళు వెంటపడేవాడు ఉంటాడు. వీధిలో మానుకు అలాంటివాడు ఉండడు.

మామిడిలోనే ఇంకొక పని బదనిక తీయడం. దాని పండు తిన్న పిట్ట జిగురు గింజను కొమ్మకు రాసి పోతుంది, ఆ గింజ మొలిచి వేరును కొమ్మ లోపలికే దించుతుంది. పైకి కనబడే బదనికను మాత్రం కొట్టేస్తే అది మళ్ళీ వస్తుంది, అతుకుకు అడుగు కిందికి కొమ్మతో సహా తీయాలి. ఆ పని రోజు మామిడి సొన, చీమలు రెండూ భరించాలి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు హెల్మెట్టు పట్టీ కిందికే ఎలా చేరుకుంటాయో నాకు ఇప్పటికీ తెలియదు. తేనెపట్టు ఉంటే మాత్రం ఎంత తొందరపెట్టినా ఎక్కను.

కరెంటు తీగల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను. 11 వేల వోల్టుల లైను పక్కన పచ్చి కొమ్మ కూడా తీగలాంటిదే. లైన్‌మన్ వచ్చి, సబ్‌స్టేషనునుంచి ఎల్.సి., అంటే ఆ లైనులో కరెంటు ఆపేశామన్న హామీ, తీసుకొని, లైనుకు ఎర్తు రాడ్లు తగిలించి, తన నోటితో చెప్పేవరకు తాడు కూడా విసరను. అలాగే మానును మొదలంటా కొట్టవలసి వస్తే అనుమతి కాగితం చూపించమంటాను. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం సొంత దొడ్డిలో చెట్టుకైనా సాధారణంగా అనుమతి కావాలని చాలామందికి నేను చెప్పేవరకు తెలియదు.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఒకసారి శివార్లలోని ఒక ఇంట్లో, గోడను పగలగొడుతున్న మానును కొట్టేయమని పిలిచారు. "ఏదో అడవిమాను, ఎవరో నాటినారు" అన్నారు. బెరడు మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలి ఉంది. కాడకు మూడేసి ఆకులు, కింద రాలిన కాయ చుట్టూ గుండ్రటి రెక్క. ఎర్రచందనం. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను పెరగని మాను అది. ఇంటి దొడ్డిలో పెరిగినా అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మ కదిలించకూడదు. పైకి తీసిన రంపాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇంటాయన మజ్జిగ ఇచ్చి, "చూసినందుకన్నా దుడ్డు తీసుకో" అన్నారు. ఆ రోజు ఆటోలో అడ్డంగా ఒక్క ఎర్రటి పుల్ల ఉన్నా దారిలో నేను చెప్పే కథను ఎవరూ నమ్మి ఉండేవారు కాదు.

2022 డిసెంబరులో మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటిన మరునాడు తెల్లవారేసరికి నా ఫోనులో పందొమ్మిది పిలుపులు ఉన్నాయి. పడిపోయిన మాను నిలబడిన మానుకన్నా ప్రమాదకరమని చెబితే ఎవరూ నమ్మరు. గోడ మీద వాలి విల్లులా వంగిన బోదెలో ఒకవైపు చెక్క నొక్కుకొని ఉంటుంది, ఇంకొకవైపు లాగుకొని ఉంటుంది. నొక్కుకొన్న వైపు ముందుగా కొద్దిగా కోసి, తరువాత రెండోవైపు కోయాలి. తారుమారైతే బోదె చీలి రొమ్ముకు తగులుతుంది. అంతకన్నా భయపెట్టేది వేరుముద్ద. మట్టితో సహా పెళ్ళగించుకొని నిలువుగా లేచిన వేళ్ళు, బోదె బరువు పోగానే తిరిగి గుంటలోకి కూర్చుంటాయి. ఆ రోజు అలాంటి గుంటలో నిలిచిన వాననీళ్ళలో ముగ్గురు పిల్లలు కాగితం పడవలు వదులుతున్నారు. వాళ్ళను పంపించి, మళ్ళీ రాకుండా వాళ్ళ తాతను అక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టి, అప్పుడు రంపం తీశాను. చివరి కోత పూర్తికాగానే ఆ వేరుముద్ద దబ్బున కూర్చుంది, నీళ్ళు తాత మోకాళ్ళదాకా చిమ్మాయి. పడవలు కనబడలేదు.

ఆ వారంలోనే నా తాడు చెడింది. ఒక మొద్దు అనుకోకుండా పెద్ద కుదుపుతో ఆగింది. రాత్రి ఇంట్లో వేళ్ళ మధ్యనుంచి జారుస్తుంటే ఒకచోట గుండ్రం పోయి చపటగా తగిలింది, లోపల పోగులు లేనట్టు మెత్తగా ఉంది. పైన అల్లికకు ఏమీ కాలేదు. అయినా ఆ తాడును మళ్ళీ మనిషి బరువుకు వాడకూడదు. చెడిన తాడును ఇంట్లో ఉంచితే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దానితో మాను ఎక్కుతారు కాబట్టి, రెండేసి బారల ముక్కలుగా కోసేశాను. మా ఆవిడ రెండు ముక్కలు దండేనికి తీసుకుంది. ఊరికి వెళ్ళినప్పుడు నాయన ఒక ముక్కను చేత్తో తడిమి చూసి, పురి విప్పబోయి, విప్పడానికి పురి లేదని గ్రహించి, "దీంతో ఆవును కడతా, కొన్న దుడ్డు కొంచెమన్నా వసూలైతాది" అన్నాడు.

మూడో రోజు ఫోను చేశాడు. తాడు మరీ నున్నగా ఉండి ముడి నిలవడం లేదట, ఆవు రెండుసార్లు విప్పుకొని పక్కవాళ్ళ చెనక్కాయ చేలో పడిందట. పాత మోకులోంచి ఒక ముక్క కోసి మళ్ళీ దానికే పలుపు వేశానని చెప్పాడు.